గొంగడి కప్పుకున్న గెలుపు

సూర్యాపేట నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. పాత పహిల్వాన్ల ఫొటోలన్నీ చేర్చి పుస్తకం వేస్తున్నారట. మా తాత బొమ్మ కింద "ఓటమి ఎరుగని వీరుడు" అని వేయాలా వద్దా, ఇంట్లో మిగిలిన పెద్దదాన్ని కనుక నన్నే తేల్చమన్నాడు. నేను జన్మలో కుస్తీ పట్టింది ఎక్కాలతోనే. అందులో పదమూడో ఎక్కం నన్నింకా లేవనివ్వలేదు. రేపు చెప్తానన్నాను. ఆ మాట అనగానే ఎక్కడో గోడ గరగరమన్నట్టయింది.

తాత కుస్తీ నేర్పే తాలీంలో ఒక రివాజు ఉండేది. బరిలో దిగే ముందు ఎర్రమట్టి రొమ్ముకీ చేతులకీ పూసుకోవాలి. వీపుకు మాత్రం నూనె తప్ప ఏదీ తగలకూడదు. వెల్లకిలా పడితే వీపు మీది మట్టే సాక్ష్యం. గెలిచినవాడు అంగీ లేకుండా బండెక్కి, బజారంతా వీపు చూపిస్తూ ఇంటికి రావాలి. అలా వచ్చీ వచ్చీ, నాకు తాత ముఖంకన్నా నున్నగా మెరిసే ఆ వీపే బాగా గుర్తు.

పోలీసు చర్య తర్వాతి ఎండాకాలం, మిర్యాలగూడలో కోదాడ కుర్ర పహిల్వాన్‌తో ఆయనకు చివరి కుస్తీ జోడీ కుదిరింది. అంతకుముందు గడబిడలకు తాలీం తలుపులు మూసే ఉన్నాయి. ముసలితనం మాత్రం ఆ తలుపుల కోసం ఆగలేదు. అయినా గెలిచాడని కబురొచ్చింది. డప్పులతో బండీ వచ్చింది. దాని మీద తాత మెడదాకా గొంగడి కప్పుకుని కూర్చున్నాడు.

"పహిల్వాన్ సాబ్, జర వీపు సూపియ్యరాదే!" అని జనం అరిచారు.

"సలి పెడ్తాంది," అన్నాడు తాత. రోహిణి కార్తెలో!

నాయనమ్మ నీళ్లు తోడింది. "ఇటు తిరుగు, వీపు రుద్దుత."

"వద్దు. నువ్వు లోపలికి పో."

"మనవరాండ్లు పుట్టినంక గిప్పుడొచ్చిందా నీకు సిగ్గు?"

తాత నవ్వలేదు. ఆ రోజు నుంచి తలుపేసుకునే స్నానం. లోపల గోడకేసి వీపు రాసుకునే చప్పుడు, గరగర, గరగర. నీళ్ల చప్పుడు ఆగినా అది ఆగేది కాదు.

చలికాలం రాకముందే పోయాడు. శవానికి స్నానం చేయించే వేళకు ఆ కోదాడ కుర్రవాడు సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. "ఆయన వీపు నన్ను కడగనివ్వండమ్మా," అన్నాడు.

నాయనమ్మ చెంబుతోనే అతని వైపు తిరిగింది. "అంటే, గాడ పడ్డది ఆయనేనా బిడ్డా?"

"దుమ్ములో ఎవరు పడ్డారో కనపడక పెద్దమనుషులు ఆయన చెయ్యి పైకి లేపారమ్మా. అంత పెద్దాయన చెయ్యి దించమనడానికి నాకు నోరు రాలేదు. ఆయనక్కూడా..." అంటూ చెంబు కోసం చెయ్యి చాచాడు.

నాయనమ్మ చెంబు అతని చేతికిచ్చింది. గోడ రాపిడికి వీపంతా పొక్కులు కట్టి ఉంది. మట్టి ఎప్పుడో పోయింది. అయినా అతను కడుగుతూనే ఉన్నాడు.

మర్నాడు సూర్యాపేట ఆయన మళ్లీ ఫోన్ చేసినప్పుడు, "ఓటమి ఎరుగని" అన్న ముక్క తీసేయమన్నాను.

"మరేం రాయమంటారమ్మా?"

"పహిల్వాన్ అని రాయి నాయనా. అంతవరకు ఆయన మోయగలడు."

ఫోన్ పెట్టేశాక నా వీపు నేను తడుముకోబోయాను, చెయ్యి అందలేదు. గడిచిన కాలమూ వీపులాంటిదే. బతికినన్నాళ్లూ వెంటే ఉంటుంది, దానికేం అంటిందో మాత్రం మరొకరు వచ్చి కడిగితే గాని తెలియదు.