బానలో కరిగిన సబ్బు

దవాఖానలో రాసిచ్చిన ఆ సబ్బు ఇరవై రోజులు రావాలన్నారు. మా ఇంట్లో ఒక్క పూటలో అయిపోయింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముందు కోపం వస్తుంది, కోపం తర్వాత నీరసం వస్తుంది. నవ్వు ఇంతవరకు రాలేదు. చెప్పిన ప్రతివాళ్ళూ నవ్వారు గానీ నాకు రాలేదు.

మాది జనగామకూ లింగాల ఘనపూర్‌కూ నడుమ ఉన్న ఊరు. మా అవ్వ ఊరి బట్టలు ఉతికేది. అమ్మను మేము అవ్వ అనే పిలుస్తాం. నాయిన హైదరాబాదులో ఒక అపార్టుమెంటు గేటు పక్కన ఇస్త్రీ బండి పెట్టుకుని, పండక్కో చావుకో వచ్చి పోయేవాడు. అప్పుడు నేను జనగామలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. చదువుతున్నాననేది మాట వరసకే. అవి తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు డిపో దాటవు, కాలేజీ గేటుకు తాళం, ఏ పొద్దు ఏ బందో తెలియదు. రాష్ట్రం రావాలని నాకూ ఉండేది. కానీ రోజుల తరబడి ఇంట్లో కూర్చుని రాష్ట్రం కోసం ఎదురుచూడటం ఎంత విసుగు పుట్టిస్తుందో ఎవరూ పాట కట్టి పాడలేదు. అవ్వ ఉతికిన బట్టలు పిండటం, ఆరేయడం, మడతపెట్టడం, అదే నా చదువు.

మా ఊళ్ళోనూ రోడ్డు మీద దీక్ష టెంటు వేశారు. రోజుకు ఐదుగురు పొద్దున కూర్చుని, సాయంత్రం నిమ్మకాయ నీళ్ళు తాగి లేచేవారు. మరునాడు ఇంకో ఐదుగురు. ఒకరోజు ఆటోల వాళ్ళు, ఒకరోజు బీడీలు చేసే ఆడవాళ్ళు, ఒకరోజు తండా నుంచి వచ్చిన వాళ్ళు. మనుషులు మారేవారు గానీ మెడలో వేసే కండువాలు మాత్రం అవే ఐదు. సాయంత్రం కాగానే ఆ ఐదూ మా ఇంటికి వచ్చేవి. అవ్వ ఉతికి తెల్లారేసరికి టెంటు దగ్గర ఇచ్చి వచ్చేది. ఊరి కోసం చేసే పని గనక ఎవరూ ఏమీ ఇచ్చేది లేదు, అవ్వ అడిగేదీ లేదు.

ఆ ఏడు ముసురు పట్టింది. కట్టెలన్నీ తడిసి, బట్టలు ఉడకేసే బాన కింద పొయ్యి వెలిగించి వారం దాటింది. అవ్వ కండువాలను చల్లనీళ్ళలోనే జాడించి, ఇంట్లో దండెం మీద వేసేది. తెల్లారేసరికి సగం తడితోనే అవి మళ్ళీ మెడల్లో పడేవి. పొద్దంతా చెమట, పైన జల్లు. కొన్నాళ్ళకు టెంటులో నినాదాల మధ్య గోకుడు మొదలైంది. మెడ మీద గుండ్రంగా, అంచులు ఎర్రగా లేచిన మచ్చలు. తామర. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఆ తామరకే తెలియాలి.

టెంటుకు పెద్దదిక్కు మా ఊరి పటేలు. అందరికంటే ఎక్కువ రోజులు కూర్చున్నది ఆయనే, అందరికంటే పెద్ద మచ్చా ఆయనదే. ఒకరోజు పొద్దున అవ్వ కండువాలు ఇస్తుంటే ఆయన చూపు ఆమె ముంజేతి మీద పడింది.

"చేతికి ఏందది?"

"ఏం లేదు పటేలా. నీళ్ళ పని గద, ఒరిసింది."

"ఒరుసుడు కాదు, తామర. గిదన్నట్టు సంగతి. ఊరందరికి నీ చేతుల నుంచే అంటుకుంటున్నది."

ఆయన గట్టిగా కూడా అనలేదు. గట్టిగా అంటే కొట్లాటకైనా వీలుండేది. మెల్లగా, తెలిసిన విషయం చెప్పినట్టు చెప్పాడు. టెంటులో ఉన్నవాళ్ళంతా విన్నారు.

ఆ వారంలోనే మూడు ఇండ్లు బట్టల మూటలు పంపడం ఆపేశాయి. "గీ వారం వద్దులే, మేమే పిండుకుంటం" అన్నారు మర్యాదగానే. అవ్వకు అర్థమైంది. మా పనిలో ఒక ఇల్లు పోతే పక్కిల్లు చూస్తుంది. మిగతా ఇండ్లు కూడా పోతే ఊళ్ళో మాకు వేరే పనేదీ లేదు, నాయిన ఇస్త్రీ బండి పక్కన ముగ్గురం నిలబడాల్సిందే. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, సమ్మె మీద తామర మాకు అట్లా వచ్చింది. అవ్వ మాత్రం చేతికి కొంగు కప్పుకుని పని చేసుకుంటూ పోయింది. ఆ ఊరుకోవడం చూస్తే నాకు ఒళ్ళు మండేది.

నేనే పోరుపెట్టి జనగామ సర్కారు దవాఖానకు తీసుకుపోయాను. కొంత దూరం నడిచి, కొంత దూరం గడ్డి ట్రాక్టరు మీద. డాక్టరమ్మ చెయ్యి చూసి, ఇంకెక్కడైనా ఉందా అని అడిగింది. లేదంది అవ్వ. డాక్టరమ్మ ఒక పూత మందు, ఒక సబ్బు రాసింది.

"ముఖ్యం పూత మందు. నెల రోజులు రాయాలి, మచ్చ పోయిందని మధ్యలో ఆపొద్దు. ఈ సబ్బు దానికి తోడు. నురగ పట్టించి, ఐదు నిమిషాలుంచి కడుక్కోవాలి. ఆ తర్వాత ఒళ్ళు బాగా తుడుచుకోవాలి. నీ సబ్బు నీకే, నీ తువ్వాల నీకే. తడి బట్ట మీద ఉండకు. కట్టుకునే బట్టలు వేడినీళ్ళల్ల ఉడికించి ఎండకు ఆరెయ్యి."

ఆ చివరి మాటకు అవ్వ నవ్వింది. "గది మాకు చెప్పాల్నా అమ్మా" అంది. నేనూ నవ్వాను. ఊరందరి బట్టలు ఉడకేసి ఆరేసే మనిషికి బట్టలు ఉడకేసుకో అని చెబితే నవ్వక ఏం చేస్తాం.

లారీలు ఆగిపోయి మందుల దుకాణాల్లో అరలు ఖాళీగా ఉన్నాయి. పూత మందు మొదటి దుకాణంలోనే దొరికింది. సబ్బు మూడో దుకాణంలో, ఒకే ఒక్కటి. అట్ట డబ్బాలో, అరచేతికంటే చిన్నది. అవ్వ దాన్ని వాసన చూసింది.

"గిది సబ్బా, మందా?"

"రెండూ" అన్నాను. ఆ మాట అట్లా చెప్పకుండా ఉండాల్సింది.

మరునాడు దీక్షలో కూర్చునే వంతు కాలేజీ పిల్లలది. తెల్లారకముందే అవ్వ లేచి పొయ్యి వెలిగించింది. ముసురు పడుతున్నా పొయ్యి ఎట్లా వెలిగిందని నేను అడగలేదు. వంటకు అటక మీద దాచిన కంది కట్టె మొత్తం బాన కింద పెట్టిందని తర్వాత తెలిసింది. నేను జడ వేసుకుని టెంటుకు పోయాను. పటేలు ఒక్కొక్కరి మెడలో కండువా వేస్తూ నా దగ్గరికి వచ్చి ఆగాడు. కండువా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇయ్యాల మంచిగ ఉతికింది మీ అవ్వ. దవాఖాన వాసనొస్తున్నది" అన్నాడు.

అది నా మెడలో పడగానే నాకు తెలిసిపోయింది. నిన్న మూడో దుకాణంలో డబ్బా తెరిచినప్పుడు వచ్చిన వాసన అది. లేచి ఇంటికి పోదామంటే దీక్షలో కూర్చున్నవాళ్ళు సాయంత్రం దాకా లేవకూడదు. ఆ రోజంతా జై కొట్టమన్నప్పుడల్లా కొట్టాను. నిమ్మకాయ నీళ్ళు తాగీ తాగకముందే ఇంటికి నడిచాను.

గూట్లో డబ్బా ఉంది. లోపల సబ్బు లేదు. అవ్వ దాన్ని కత్తితో చిన్న చిన్న ముక్కలుగా గీకి, మురికి వదిలించే సౌడు మట్టితో పాటు బానలో వేసింది. కండువాలతో పాటు మూటలు ఆపని ఇండ్ల బట్టలన్నీ అందులో ఉడికించింది.

"నీకు ఏం చెప్పిండ్రు, నువ్వేం చేసినవ్?" అన్నాను.

"నా ఒక్కదానికి పోతే ఏం లాభం బిడ్డా? కండువాలల్ల ఉంటే మళ్ళ అందరికి అంటది. మొదలు బట్టలల్ల పోవాలె గద."

"అది ఒంటి సబ్బు. బానెడు నీళ్ళల్ల కలిపితే అండ్ల ఏముంటది?"

"వాసన ఉన్నది" అంది అవ్వ. తర్వాత నెమ్మదిగా అంది, "నా చేతుల నుంచి వస్తున్నదని ఇంకెవ్వరనరు."

ఆ మాట విన్నాక కూడా నేను ఊరుకోలేదు. ఊరిని ఉద్ధరించడానికి ఇంకెవరూ లేరా అని, నువ్వు మెత్తగా ఉండబట్టే వాళ్ళు అట్లా ఆడుకుంటున్నారని, నోటికి వచ్చినట్టు అన్నాను. మూటలు ఆపినవాళ్ళను అనలేక అవ్వను అన్నాను. అది అప్పుడే తెలుసు నాకు. అయినా అన్నాను.

అవ్వ పొయ్యి ముందు కూర్చుని నడుము గోక్కుంటోంది. కూర్చున్న చోట మట్టి తడిసి ఉంది. అప్పుడు చూశాను. చీరె మోకాళ్ళ నుంచి నడుము దాకా తడి. దగ్గరికి పోయి కుచ్చిళ్ళు పక్కకు లాగితే నడుము చుట్టూ, మొలతాడు కట్టినట్టు, తామర. డాక్టరమ్మకు చూపించనిది అది. నిన్నా ఇవాళా పూత మందు రాసింది, దాని మీదనే తడి చీరె కట్టింది.

"ఇంకో చీరె కట్టుకోవచ్చు గద అవ్వా."

"అది ఆరలే."

"ఇన్ని ఉడకేసినవ్. అండ్ల నీ చీరె వెయ్యలేదా?"

అవ్వ నా వైపు వింతగా చూసింది. "ఊరి బానల మన బట్టలు వేస్తరా?"

నిజమే. వెయ్యం. మా నాయనమ్మ నాటి నుంచీ అంతే. ఊరి బట్టలు ఉడికే బానలో మా బట్టలు పడకూడదు. మావి చివరన, మిగిలిన చల్లనీళ్ళలో ఒక ముంచు ముంచి తీయడమే. నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే, ఎన్నడూ ఆలోచించలేదు. దవాఖానలో నవ్విన నవ్వు గుర్తొచ్చి సిగ్గేసింది. ఊళ్ళో ఉడికిన బట్ట కట్టుకోనిది ఊరికి ఉడకేసే మా ఇల్లొక్కటే.

రెండు రోజులకు ఎండ వచ్చింది. మూటలు తగ్గాయి గనక బాన ఖాళీగా ఉంది. నేను పొయ్యి వెలిగించి, అవ్వ రెండు చీరెలూ, రెండు లంగాలూ, మా ఇంటి తువ్వాలా అందులో వేశాను. అవ్వ వద్దంటే వద్దంది, ఎవరన్నా చూస్తే మాటొస్తుందంది. నేను వినలేదు. నా నైటీ తొడిగించి గడప మీద కూర్చోబెట్టాను. నైటీలో అవ్వ కొత్తగా, చిన్న మనిషిలా ఉంది. తన బట్టలు ఇంకొకరు ఉతుకుతుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది, మళ్ళీ తీసింది.

"కుచ్చిళ్ళ కాడ జర మెల్లగ తిప్పు. ఆడ చీకి పల్చగైంది" అంది.

నేను కర్రతో బానలో చీరె తిప్పుతున్నప్పుడు, మూటలు ఆపిన మొదటి ఇంటావిడ వాకిట్లోకి వచ్చింది. పటేలు వాళ్ళ పక్కిల్లే వాళ్ళది. చేతిలో మూట. వారం రోజులు సొంతంగా పిండుకుని నడుము పడిపోయి ఉంటుంది. బానలోకి చూసింది, నైటీలో ఉన్న అవ్వను చూసింది.

"గీ దుప్పట్లు జర ఇయ్యాలనే ఉడకెయ్యాలె" అంది.

అవ్వ లేచి నిలబడింది. ఈ మూట కోసమే కదా సబ్బు బానలో కరిగింది, కంది కట్టె కాలింది. చెయ్యి చాపి తీసుకుంటుందనే అనుకున్నాను.

"ఇయ్యాల బాన ఖాళీ లేదమ్మా" అంది అవ్వ. "రేపు తీసుకరా."

ఆవిడ మూటతో వెనక్కి పోయింది. అవ్వ గడప పట్టుకుని కూర్చుని, ఎంత పని చేసింది నా నోరు అన్నట్టు నా వైపు చూసింది. చీరె ఆరేదాకా ఇద్దరం వాకిట్లోనే కూర్చున్నాం.

మరునాడు పొద్దున మూట వచ్చింది.