కవర్ల రూబెన్

మా పత్రికల్లో 'కవర్' అంత పాడు మాట ఇంకొకటి లేదు. ప్రెస్‌మీట్ కవర్ చెయ్యాలి. చేశాక నిర్వాహకులు జేబులో కుక్కేదీ కవరే. వార్త తప్పిపోతే ఏదో అబద్ధమాడి కవర్ చేసుకోవాలి. శంషాబాద్ మండల విలేకరి రూబెన్‌కు ఇంకోటి కూడా ఉండేది. వచ్చేటప్పుడు ఓ కవర్లో కూరగాయలు పట్టుకురమ్మని భార్య డోర్కాస్ రోజూ ఫోన్ చేసేది. మొదటిదీ చివరిదీ తప్ప మిగతా రెండూ అతనికి చేతకాలేదు. అయినా జనం నోటికి తాళం ఉంటుందా? విలేకరి అంటే తీసుకునేవాడే అనుకుని 'కవర్ల రూబెన్' అని పేరు పెట్టేశారు.

నాకు అతనంటే ఒళ్ళు మంట. రాజేంద్రనగర్ డెస్క్‌లో కూర్చుని అతని వార్తలు దిద్దేవాణ్ణి నేనే. అసలు విషయం ముందు రాయవయ్యా అని ఎన్నిసార్లు మొత్తుకున్నా వినడు. సభలో ముందు మాట్లాడినవాడి మాట ముందు, ఆఖర్న మాట్లాడినవాడి మాట ఆఖర్న రాస్తాడు. ఏళ్ళ తరబడి చెవిటివాడి ముందు శంఖం ఊదాను.

మొన్న ఎండాకాలం, ఎయిర్‌పోర్టు గోడ వెనక ఊళ్ళో, గోదాముల రోడ్డుకు భూములు తీసుకోవడం మీద సభ జరిగింది. పదకొండు మంది రైతులు ఒప్పుకున్నారు. ఆఖర్న లేచిన కుర్మయ్య మాత్రం తన ఎకరంన్నర ఇవ్వనన్నాడు. ఆ నేల, అందులో బోరు తప్ప ముసలాయనకు ఇంకేమీ లేదు. రూబెన్ అంతా రాసి పంపాడు. సాయంత్రం పేజీలోకి ఒక వ్యాపార ప్రకటన వచ్చి పడింది. చోటు చాలకపోతే వార్తను కింది నుంచి కత్తిరించడం డెస్క్ అలవాటు, ముఖ్యం కానిదే కింద ఉంటుందని. నేను చివరి నాలుగు లైన్లు చదవకుండానే లేపేశాను. 'భూములిచ్చేందుకు రైతుల అంగీకారం' అని హెడ్డింగ్ కూడా నేనే పెట్టాను.

మర్నాడు శంషాబాద్ బస్టాండ్ పక్క హోటల్లో కుర్మయ్య ఆ పేపర్‌ను రూబెన్ ముఖాన కొట్టాడట.

"ఎన్ని కవర్లు దీస్కున్నవ్‌రా? నా నోట్లె మన్ను గొట్టినవ్."

"నీ మాట రాసిన బాపు. ఇగో, ఫోన్ల జూడు. నేను పంపింది గిది."

"నీ ఫోన్ల ఉన్నది ఎవడు సదువుతడు? ఆఫీసర్ సదివేది పేపరే."

రూబెన్ అక్కణ్ణుంచే నాకు ఫోన్ చేశాడు. "సార్, శుక్రవారం ఆఖరి విచారణ ఉన్నది. ముసలాయన భూమి పోతది. జర సవరణ ఎయ్యుండ్రి, నాలుగు లైన్లే."

"చోటు లేదు," అన్నాను. చోటు ఉంది. సవరణ వేస్తే, కత్తిరించింది ఎవడని పైవాళ్ళు నన్ను అడుగుతారు. "నీకు రాయడం చేతగాక నా మీద పడకు. వాళ్ళకేదో చెప్పి కవర్ చేసుకో," అని ఫోన్ పెట్టేశాను. సిగ్గులేని పని. ఇప్పుడనుకుని ఏం లాభం.

శుక్రవారం విచారణలో కుర్మయ్య లేచి మళ్ళీ ఇవ్వనన్నాడు. అధికారి మా పేపరే ఎత్తి చూపించాడు. "ఆ రోజు అందరూ ఒప్పుకున్నారని ఇందులో ఉంది. ఇప్పుడు మాట మారుస్తావేంటయ్యా?"

వెనక నిలబడి రాసుకుంటున్న రూబెన్ ముందుకొచ్చాడు. "ఆయన మాట మార్చలే సార్. ఆ పేపర్‌కు రాసేటోణ్ణి నేనే. అండ్ల వచ్చింది సగమే. కుర్మయ్య ఆనాడే ఇయ్యనన్నడు. తప్పు మా పేపర్‌ది. నా పేరు మీదనే రాసుకోండ్రి, సంతకం పెడ్త."

అధికారి రాయించుకున్నాడు. రూబెన్ సంతకం పెట్టాడు. కుర్మయ్య అభ్యంతరం ఫైల్లోకి ఎక్కింది, ఆ ఎకరంన్నరను తీసుకోకుండా పక్కన పెట్టారు. కానీ నలుగురిలో నిలబడి సొంత పత్రికదే తప్పన్న విలేకరిని ఏ యాజమాన్యం ఉంచుకుంటుంది? మర్నాడే తీసేశారు. 'ఇతనికీ మా పత్రికకూ ఎలాంటి సంబంధం లేదు' అని ఫొటోతో సహా ప్రకటన వెయ్యమన్నారు. నేనే రాసి, పేజీలో చోటు చేసి పెట్టాను. మండల వార్తలకు మేము విలేకరి పేరు వెయ్యం. పంతొమ్మిదేళ్ళలో రూబెన్ పేరు మా పేపర్లో అచ్చుకావడం అదే మొదటిసారి.