చేను ఊరిన ఎండాకాలం

నా చిన్నప్పుడు మా చేను నీళ్లు లేక ఎండలేదు, నీళ్లు పెట్టి పెట్టి ఎండింది. ఈ మాట అంటే ముసలామెకు మతి తప్పిందని మా ఇంట్లోనే నవ్వుతారు. నవ్వనీ.

మాది కర్నూలుకు పడమటి దిక్కున ఒక పల్లె. వానలు మొహం చాటేసి బావి అడుగంటితే, మా నాన్న గడ్డపార పట్టి ఇంకా లోతుకు తవ్వాడు. నీళ్లు పడ్డాయి గానీ ఉప్పగా పడ్డాయి. "ఉప్పయితేనేమి, నీళ్లే గదా" అన్నాడు నాన్న. మడిలో ఎర్రగడ్డల పైరు, అదే ఉల్లిగడ్డల పైరు ఉండేది. అది చేతికొస్తేనే ఆ ఏడు మాకు ఇంత తిండి. లేకుంటే ఎడ్లను అమ్ముకుని ఊరు విడవడమే.

ఎడ్లు బావి మీది కపిల మోకు లాగుతుంటే తోలుబాన నిండా నీళ్లు పైకొచ్చి కాలవలో పడేవి. మడి బురద బురదగా ఉన్నా ఆకులు వేలాడిపోయాయి. ఎండదెబ్బ అనుకుని నాన్న ఇంకో తడి పెట్టాడు. కొనలు మాడాయి. మళ్లీ తడి పెట్టాడు. ఎడ్ల మెడలు పుండ్లు పడ్డాయి, నాన్న అరచేతులు పగిలాయి. అమ్మ గంగమ్మకు మొక్కుకుంది. పైరు చస్తే మేమంతా ఏమవుతామని నేను అమ్మను అడిగేదాన్ని.

అప్పుడు వచ్చాడు మా మేనమామ. కడపలో బడిపిల్లలకు సైన్సు చెప్పేవాడు. చేను చూశాడు, కాలవలో నీళ్లు పుక్కిలించి ఉమ్మేశాడు, ఇంటికొచ్చాడు. సేద్యం గురించి బావకు బామ్మర్ది బుద్ధి చెప్పడం మా వైపు మర్యాద కాదు. అందుకని ఆయన అమ్మ దగ్గరకు పోయాడు. కూరగాయలు లేక, రాలిన మామిడికాయలు కోసి ఉప్పు కలిపి పెట్టుకుంది అమ్మ. మామ ఆ జాడీ తెచ్చి నాన్న ముందు వంచితే, ముక్కల మధ్య ఊట కదిలింది.

"ఇన్ని నీళ్లు యాడివక్కా? నువ్వు పోసినావా?"

"ఊరగాయలో ఎవురన్నా నీళ్లు పోస్తారా? ఉప్పేస్తే ముక్కే ఇడుస్తాది" అంది అమ్మ.

అప్పుడు మామ నిదానంగా చెప్పాడు. మామిడి ముక్కలోనైనా, ఎర్రగడ్డ వేరులోనైనా కంటికి ఆననంత చిన్న చిన్న గదులుంటాయట. ఒక్కో గదికీ చుట్టూ పల్చటి పొర. ఆ పొర నీళ్లను అటూ ఇటూ పోనిస్తుంది, ఉప్పును మాత్రం సులువుగా దాటనివ్వదు. బయట ఉప్పు ఎక్కువైతే లోపలి నీళ్లే బయటికి పోతాయి, గది ముడుచుకుపోతుంది. బయట ఉప్పు తక్కువున్నప్పుడే వేరు నీళ్లు తాగగలదు.

నాన్న జాడీలోకి చూశాడు. "అంటే నేను పైరుకు తడి పెట్టలేదు. ఊరగాయ పెడతాండా" అన్నాడు. "ఇప్పుడేం చేయల్లప్పా?" అని అడిగాడు.

"వానొచ్చి ఆ ఉప్పును కడుక్కోని పోవల్ల బావా. మన చేతిలో ఏం లేదు."

నాన్న లేచి పోయి ఎడ్లను విప్పేశాడు. గట్టు మీద కూర్చుని ఏడ్చాడు. ఆయన ఏడవగా నేను చూసింది అదొక్కసారే. అమ్మ మాత్రం ఊరుకోలేదు. పక్కూరి నుంచి తాగడానికి తెచ్చిన మంచినీళ్ల కడవ ఎత్తుకుపోయి మడిలో ఒక మూల కుమ్మరించింది. తమ్ముడు దాహమని ఏడుస్తున్నా ఆగలేదు. ఆ మూల కూడా బతకలేదు. వాన రాలేదు. ఎడ్లను సంతకు తోలి, మేము ఎర్రగుంట్ల దగ్గర బండలు తీసే కూలిపనికి పోయాం.

మామ చెప్పిన పొర సంగతి తర్వాత మనవరాలి పుస్తకంలో బొమ్మతో సహా చూశాను. చూసి సంతోషపడింది లేదు. నాలో మిగిలింది వేరే ఉంది. కష్టే ఫలి అని ఎవరైనా పిల్లలకు చెబుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. మా మనవరాలు వాడిపోయి కనిపిస్తే ఇంకా చదవమనడానికి నాకు నోరు రాదు, పక్కన కూర్చుని ఏమైంది తల్లీ అని అడుగుతాను. మా నాన్న పడిన కష్టంలో ఏ లోపమూ లేదు. ఆ కష్టమే చేనును చంపింది.