టీచరమ్మ బావిలో మంచినీళ్లు

1962 వేసవి మొదట్లో నన్ను నెల్లూరు కోస్తాలోని ఒక చిన్న పట్నానికి మంచినీటి సరఫరా ఓవర్సీరుగా వేశారు. ఊరి పేరెందుకు లెండి, అక్కడ వృథాగా గుంతలు తవ్వించింది నేను. అప్పటికే సన్నగిల్లుతున్న తూర్పు వీధి కొళాయిలు నేను చేరిన వారానికి పూర్తిగా ఎండిపోయాయి. వాల్వులు తిప్పే ఫిట్టరు పెంచలయ్య నీళ్లను ఇంకో వీధికి మళ్లిస్తున్నాడని ఫిర్యాదు వచ్చింది. శనివారంలోగా కారణం తేలకపోతే అతణ్ణి సస్పెండు చేస్తామని ఇంజనీరుగారు మెమో ఇచ్చారు. "పెంచలస్వామి తోడు సార్, నేను తిప్పలేదు" అన్నాడతను. నేను నమ్మాను. కానీ నమ్మకం మెమోకు జవాబు కాదు.

గొట్టం ఎక్కడో కారుతూ ఉండాలి. ఇసుక నేలలో కారిన నీరు పైకి రాదు, కిందికి ఇంకిపోతుంది. అందుకని ఇనుప కడ్డీ ఒక కొస కొళాయి మీద పెట్టి, రెండో కొస చెవికి ఆనించి వింటాం. దగ్గర్లో లీకు ఉంటే సన్నగా బుస వినిపిస్తుంది. నేను కొళాయి కొళాయికీ కడ్డీ పెట్టి, పెద్ద వైద్యుడిలా తలాడించి, మూడు చోట్ల తవ్వించాను. మూడింట్లోనూ పొడి ఇసుకే. వీధివాళ్లు నన్ను గుంతల ఓవర్సీరు అనడం మొదలుపెట్టారు.

శుక్రవారం మధ్యాహ్నం, పక్క సందులో ఉండే మిషను బడి టీచరు రత్నమ్మగారు మా అవస్థ చూసి అన్నానికి పిలిచారు. ఆ సందులో కొళాయిలే లేవు, అందుకే నా కడ్డీ అటు పోలేదు. పప్పన్నం ముద్ద నోట్లో పెట్టుకుని పెంచలయ్య ఆగిపోయాడు.

"అమ్మా, ఈ పప్పు ఏ నీళ్లతో వండినారు?"

ఆ ఊరి బావులన్నీ ఉప్పు. ఆ నీళ్లలో కందిపప్పు ఎంతసేపటికీ ఉడకదు. ఇదేమో వెన్నలా ఉంది.

"మా బావి నీళ్లే నాయనా. నెల నించి తియ్యగా అయినాయి. ప్రభువు నా ప్రార్థన విన్నాడు" అన్నారామె.

చేతులైనా కడగకుండా లేచాం. తూర్పు వీధికి నీళ్లు తెచ్చే పెద్ద గొట్టం ఆ సందులోంచే పోతోంది! బావి పక్కన తవ్వితే, సీసం పోసిన అతుకు ఊడి నీళ్లు చిమ్ముతున్నాయి. పెంచలయ్య ఆ బురదలోనే కూలబడి పెద్దగా నవ్వాడు. నాకు ప్రాణం లేచివచ్చింది.

రత్నమ్మగారు మాత్రం దిగులుగా, "అయితే మా బావి మళ్లీ ఉప్పెక్కుతుందా?" అని అడిగారు. ఎక్కింది. ఆ సందులో మొదటి కొళాయిని పెంచలయ్యే ఆమె గుమ్మం ముందు బిగించాడు.

ఆ తర్వాత కోస్తాలో ఏ ఊరికి వేసినా, కడ్డీ తీయకముందే ఇంటింటా ఒక ప్రశ్న అడిగేవాణ్ణి: పప్పు ఎట్లా ఉడుకుతోందమ్మా?