దొరగారి గాలి తుపాకి

పందొమ్మిదేళ్ల వయసులో మనిషికి తెలియనిదంటూ ఉండదు. ఆ రోజుల్లో నాకున్న తెలివిలో పదోవంతు తర్వాత మిగిలినా నేను ఇంకాస్త బాగా బతికేవాణ్ణేమో! కర్నూలులో డేరాలు వేసి రాజధాని నడుపుతున్న కాలం. ఆ ఊళ్లోనే నేను ఇంటర్మీడియెట్ రెండుసార్లు తప్పి (రెండోసారి ఒక్క లెక్కల్లోనే, ఆ సంగతి మా అమ్మ వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పుకునేది), పడమటి పల్లెలో ఉన్న మా ఇంటికి చేరి, సేద్యమంతా తప్పుగా జరుగుతోందని మా నాయనకు రోజూ విడమరిచి చెబుతుండేవాణ్ణి. ఆయన ఎద్దులకు మేత వేస్తూ వినేవాడు. ఎద్దులూ వినేవి.

రెండేళ్లు వానలు ఎగ్గొట్టాక ఆ ఏడు మా నల్లరేగడిలో జొన్న మనిషెత్తు లేచింది. ఏడాది పొడుగునా మా ఇంటి తిండి ఆ చేనే. కంకి పాలు పోసుకోగానే చిలకలు దిగాయి. పచ్చటి దుప్పటి విదిలించి పరిచినట్టు చేనంతా వాలేవి. మా నాయన మేనత్తను మేమంతా అవ్వ అనేవాళ్లం. ప్రతి పంటకూ ఆమే మంచె ఎక్కి, వడిసెలలో రాయి పెట్టి తిప్పి విసిరి పిట్టల్ని తోలేది. రాయి తగిలేదాకా ఎందుకు, ఆ తాడు చప్పుడుకే సగం పిట్టలు లేచిపోయేవి. నాకది శుద్ధ మోటుగా కనిపించింది.

"నాయనా, ఈ కాలంలో గూడా రాళ్లేంది? ఒక గాలి తుపాకి ఉంటే శాలు. లైసెన్సు అక్కర్లే, మందు అక్కర్లే. దినానికి నాలుగు చిలకల్ని కొడితే మిగిలినవి మన పొలిమేర తొక్కవు" అన్నాను. (చిలకలకేం, అవి ఎప్పుడూ ఉన్నవే. నాకు తుపాకి కావాలి, అదీ అసలు సంగతి.)

నాలుగోనాడు మా నాయన రెండు పొట్టేళ్లను సంతకు తోలుకుపోయి వచ్చి, ఆ దుడ్లు నా చేతిలో పెట్టాడు. "దీంట్లోనే రావల్ల. సూటిగా కొట్టేది జూసి తీస్కో. మీ మామను తోడు పిల్సకపో" అన్నాడు.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. యుద్ధకాలంలో పటాలంలో వంట చేసి వచ్చాడు కాబట్టి ఊరంతా ఆయన్ను మిలిట్రీ మామ అనేది. తుపాకుల సంగతి ఆయనే చెప్పాలని ఊళ్లో అందరి నమ్మకం. (పొయ్యి ఊదే గొట్టం తప్ప ఇంకో గొట్టం ఆయన చేత్తో పట్టలేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.) ఇద్దరం బస్సెక్కి కర్నూలు పోయి, తాళాలూ లాంతర్లూ తుపాకులూ అమ్మే ఒక సాయిబు అంగడికి చేరాం.

సాయిబు బల్లమీద మూడు తుపాకులు పెట్టాడు. ఒకటి కొత్తది, ఇంగ్లండు సీమది. ధర వినగానే మామ దానిమీద నుంచి చెయ్యి తీసేశాడు. రెండోది ఇక్కడే ఎక్కడో చేసింది, మొద్దుగా, కట్టెకు రంగు కూడా సరిగా పట్టకుండా ఉంది. మూడోది పాతది, ఎవరో దొరగారు దేశం వదిలిపోతూ అమ్మేసింది. నున్నటి కట్టె, దానికో ఇత్తడి బిళ్ల, బిళ్లమీద మెలికలు తిరిగిన రెండు ఇంగ్లీషు అక్షరాలు. ఈ రెంటి ధరా ఒకటే. సాయిబు వెనక దొడ్లో గోడకు కాగితం అంటించి, నడుమ మసితో చుక్క పెట్టి, "కొట్టి చూస్కోండప్పా, తొందరేమీ లే" అన్నాడు.

మొద్దు తుపాకితో ఐదు గుండ్లు కొట్టాను. ఐదూ చుక్కకు బెత్తెడు కింద, ఎడమ పక్కన, అణా బిళ్లంత జాగాలో ఒకదాన్నొకటి ఒరుసుకుని పడ్డాయి. దొరగారి తుపాకితో ఐదు కొట్టాను. ఒకటి కాగితం పై అంచున, ఒకటి కింది అంచున, ఒకటి గోడకు, ఒకటి ఎటు పోయిందో సాయిబుకు కూడా తెలియలేదు. ఐదోది మాత్రం సరిగ్గా చుక్క నడిబొడ్డున!

మామ నా వీపు చరిచాడు. "అల్లుడా, తుపాకంటే ఇదీ! ఆ మొద్దుది ఐదింట్లో ఒక్కటన్నా చుక్కకు తగిలిందా?"

"అట్ల గాదప్పా, జర ఇను" అన్నాడు సాయిబు. "ఐదూ ఒకే తావున పడినాయంటే ఆ తుపాకి నికార్సుగా ఉండాది. గురి చూసే ముల్లు రవ్వంత జరిపితే గుండు చుక్కకే పోతాది. ఈ దొరది ఈడొకటి ఆడొకటి ఏస్తాంది. గొట్టం లోపల అరిగిపోయిండాది. దీన్ని ఎవరూ బాగు చేయలేరు."

"అమ్ముడుపోని మొద్దును మాకు అంటగడతాండావు" అన్నాడు మామ.

"రెంటికీ ఒకటే ధర గదప్పా, నాకేంటికి అబద్ధం?"

నేను ఇద్దరి మాటా వినడం లేదు. దొరగారి తుపాకి భుజాన వేసుకుని అంగట్లో వేలాడుతున్న అద్దంలో నన్ను నేను చూసుకుంటున్నాను. మా జొన్నచేను సగం ఆ అద్దం ముందే పోయింది.

ఊరికి రాగానే అవ్వను మంచె దిగమన్నాను. "సరేలేప్పా, మోకాళ్లు గూడా శానా నొస్తాండాయి" అని ఆమె సంతోషంగా మూట కట్టుకుని ఆత్మకూరులో కూతురింటికి పోయింది. నేను మంచె ఎక్కాను. మొదటి దినం నలభై గుండ్లు కొట్టుంటాను. వక్క కొరికినంత చప్పుడు. చిలకలు తలెత్తి ఒకసారి నా వైపు చూసి మళ్లీ తినడంలో పడేవి. మూడోనాడు నేను తాగే నీళ్ల ముంత పగిలింది. కుడి పక్క చిలకకు గురి పెడితే ఎడమ పక్క కంకి విరిగిపడేది. అట్లా పడిన కంకుల్ని పిచ్చుకలు నేలమీద కూర్చుని తీరుబడిగా తినేవి. వాటి కష్టం కూడా నేనే తగ్గించాను. సాయంత్రం చూడవచ్చిన మిలిట్రీ మామ "గాలి ఎదురుగా ఉండాది అల్లుడా" అని చెప్పి పోయాడు. తర్వాత రెండు దినాలు గాలే లేదు. మామా రాలేదు.

ఆరోనాడు మంచె దిగి చేలోకి పోయాను. పైనుంచి చూస్తే నిండుగా కనిపించిన కంకులు చేత్తో పట్టుకుంటే బరువే లేవు. సాలు తర్వాత సాలు, అన్నీ ఊకే. సాళ్ల మధ్య కూర్చుని ఏడ్చాను. మా నాయన ఎప్పుడొచ్చాడో, తలెత్తేసరికి పక్కన నిలబడి నాలుగు కంకుల్ని నలిపి అరచేతిలోకి ఊదుకుంటున్నాడు. ఊదితే అరచేతిలో ఏమీ మిగల్లేదు.

"ఏమన్నా అను నాయనా" అన్నాను.

"అంటే గింజలొస్తాయా? లెయ్, రాళ్లేరకరాపో" అన్నాడు. తలగుడ్డ విప్పి నడుముకు చుట్టుకుని, అవ్వ వదిలిపోయిన వడిసెల తీసుకుని మంచె ఎక్కాడు. పంట కోతకొచ్చేదాకా ఆయన విసిరాడు, నేను రాళ్లు మోశాను.

మిగిలిన సగంతోనే ఏడాది గడపాలి. ఆ ఎండాకాలం మా ఇంట్లో రాత్రి పూట అంబలే. మా అమ్మ తన గిన్నె ముందే తాగేశానని చెప్పేది. ఆ గిన్నె ఎప్పుడూ పొడిగానే ఉండేది. నన్ను తిట్టినా బాగుండుననిపించేది. ఒకనాటి మధ్యాహ్నం జొన్నన్నం తింటూ మా నాయన ఉన్నట్టుండి దవడ పట్టుకున్నాడు. కటుక్కుమన్న చప్పుడు నాకూ వినపడింది. నోట్లోంచి రెండు తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. ఒకటి సీసపు గుండు, జొన్నగింజంతే ఉండి అమ్మ చేటలో చెరిగినా, జల్లెడ పట్టినా దొరక్కుండా వచ్చింది. రెండోది ఆయన దవడ పన్ను.

"అయ్యో!" అంది అమ్మ.

ఆయన ఆ రెంటినీ కాసేపు పరీక్షగా చూశాడు. "ఇన్నాళ్లకు ఒకటి తగిలిందిరా" అన్నాడు. అని నవ్వాడు. ఆ ఎండాకాలంలో ఆయన నవ్వడం అదే మొదలు.

ఆ తర్వాత ఎద్దుల్ని కొన్నప్పుడూ, బావి తవ్వినప్పుడూ, చివరికి నాకు పిల్లను చూసినప్పుడూ "నాకు తెలుసు నాయనా" అని నేను మొదలుపెడితే చాలు, ఆయన నాలుక మెల్లగా ఆ పన్ను సందులోకి పోయేది, బుగ్గ ఉబ్బేది. నేను నోరు మూసుకునేవాణ్ణి. ఆయన పోయి చాలా కాలమైంది. ఇప్పుడు నా దవడలోనూ సందులున్నాయి. ఏదైనా సంగతి గట్టిగా, ధీమాగా చెబుతూ చెబుతూ ఉండగా నా నాలుక దానంతటదే వెనక్కి పోతుంది. మాట మధ్యలో ఆగిపోయి నాలో నేనే నవ్వుకుంటాను. ఎదుటివాళ్లు నాకు పన్ను నొప్పి అనుకుంటారు.