మైకులో రెండు వందలు

తమిళనాడులో రాజపాళయం దగ్గరి సత్రపట్టిలో, బ్యాండేజీ గుడ్డ నేసే షెడ్డులో నేనూ కణ్మణీ పక్కపక్కనే పనిచేస్తాం. నేసిన గుడ్డలో తెగిన పోగులు కనిపెట్టడం ఆమె పని. ఏడాదిగా ఆమెకు దగ్గరి చూపు ఆనడం లేదు. కళ్లద్దాలకు పద్నాలుగు వందలు అవుతుందన్నారు. ప్రతి నెలా వచ్చే నెలకి వాయిదా వేసేది. ఈలోగా రెండుసార్లు చెడ్డ గుడ్డ ఆమె చేతిమీదుగా వెళ్లిపోయింది. మూడోసారి జరిగితే పనిలోంచి తీసేస్తానని ఓనరు తేల్చేశాడు. ఆ ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే.

"జీతమంతా ఏడికి పోతా ఉండాది?" అని నిలదీశాను.

"మొయ్యికేక్కా. ఈ నెల రెండు ఫంక్షన్లు. ఒక్కోదానికి వెయ్యి ఎత్తిపెట్టినాను."

మొయ్యి అంటే పెళ్లిళ్లలో, చెవులు కుట్టే వేడుకల్లో చదివించే డబ్బు. మనకు ముందే ఎవరైనా పెట్టి ఉంటే తిరిగి పెట్టక తప్పదు, కాదనను. కణ్మణి ఇంట్లో ఇంతవరకూ ఏ వేడుకా జరగలేదు మరి, ఆమె ఎవరికీ బాకీ లేదు. నాకు ఒళ్లు మండింది.

"ఇంటి బాడుగ తగ్గించేకి కాదు. అద్దాలు లేకుంటే పనే పోతాది. మొయ్యి ఎంత పెట్టేది మన ఇష్టం గదా. దాన్ని తగ్గించకుండా కండ్లద్దాలు ఆపుకున్నావా?"

"ఎవరెంత పెట్టింది మైకులో చదువుతారేక్కా," అంది చిన్న గొంతుతో.

ఆదివారం మా మేస్త్రీ పాండిసెల్వం మనవరాలికి రాజపాళయం మండపంలో చెవులు కుట్టారు. మొయ్యి వరుసలో ఆమె ముందు, నేను వెనక. ఆమె వెయ్యిలోంచి రెండు వందలే తీసి, మొయ్యి రాసేవాడికి ఇచ్చింది.

"సత్రపట్టి కణ్మణి, రెండు వందల రూపాయలు," అని మైకు మోగింది.

ఒక్క తల కూడా ఇటు తిరగలేదు. అందరి ధ్యాసా బిర్యానీ మీదే. పాండిసెల్వం ఎదురొచ్చి, "వచ్చినావా అమ్మా, పోయి తిను మొదట," అన్నాడు.

కణ్మణి గుండెల మీద చెయ్యి వేసుకుంది. "ఇంతేనాక్కా? ఇంకోదానికీ ఇంతే పెడతాను. రేపే అద్దాలకు పోతాను," అంది. ఆమె మొహం చూసి నా ప్రాణం కూడా కుదుటపడింది.

తర్వాత నా వంతు. అంత నీతి చెప్పిన నా కవర్లోనూ వెయ్యే ఉంది. మా ఇంటికీ ఎవరూ ఏనాడూ మొయ్యి పెట్టింది లేదు. మా వాడేమో మూడు నెలలుగా చిరిగిన బ్యాగుకు పిన్నీసులు పెట్టుకుని బడికి పోతున్నాడు.

కవరు చించి ఎనిమిది వందలు వెనక్కి తీసుకున్నాను. రాసేవాడు తలెత్తి చూశాడు.

"రెండు నూర్లు రాయండి," అన్నాను.