పెద్దనాయన మేడకు సూర్యుణ్ణి పెట్టిన వైనం

ఉద్యోగం లేని ఆ రోజుల్లో నన్ను నేను ఓ చిన్న సృష్టికర్తననుకునేదాన్ని. ఇంజనీరింగ్ అయిపోయాక నారాయణఖేడ్‌లో మా ఇంటి ముందుగదిలో కూర్చుని, లాప్‌టాప్‌లో కోడ్ రాస్తూ తెరమీద గోడలూ కిటికీలూ పుట్టించేదాన్ని. (సృష్టికర్తను అన్నానికి మాత్రం అమ్మే పిలవాలి.) మా ఇంటికి దక్షిణాన ఆనుకునే మా పెద్దనాయన (నాన్నకు అన్న) ఇల్లు ఉంటుంది. తన ఇంటిమీద కట్టబోయే గది ఎట్లా ఉంటుందో టీవీలో చూపించమని ఆయన అడిగాడు. మేస్త్రీకన్నా ముందు నన్ను పిలిచారని నాకు కాలు నేలమీద ఆనలేదు.

మొదటిసారి చూపిస్తే తెరంతా నలుపు. "గిదేంది బిడ్డా, కరెంటు పోయిందా?" అన్నాడు పెద్దనాయన. కోడ్‌లో దీపం పెట్టకపోతే ఎంత మేడైనా చీకటిగానే ఉంటుంది, ఆ సంగతే మరిచాను. ఆ అవమానంతో గదికో దీపం పెట్టాను, మెట్లకింద ఒకటి, బాత్రూంలో రెండు. అన్ని దీపాల లెక్క తేల్చలేక లాప్‌టాప్ పిండిగిర్నీలా మోగింది. చివరికి అవన్నీ పీకేసి, చలికాలం మధ్యాహ్నపు ఎండలాగా దక్షిణాన ఒకే ఒక్క సూర్యుణ్ణి నిలబెట్టి, నీడలు కూడా పడేలా రాశాను. అచ్చం నిజం ఇల్లే. ఇక ఆగలేక రెండిళ్లవాళ్లనూ పిలిచాను.

అమ్మ తలుపు పక్కన నిలబడి చూసింది. భర్త అన్నతో, అంటే బావతో, నేరుగా మాట్లాడకపోవడం మా ఇంట్లో మర్యాద. ఏదన్నా ఆమె నాతోనే అనాలి, ఆయన నాతోనే బదులు చెప్పాలి, ఇద్దరూ ఒకే గదిలో ఉన్నా సరే.

"గా నల్లగ పడ్డదేంది బిడ్డా?"

"మేడ నీడమ్మా. ఎంత మంచిగొచ్చిందో చూడు!" అని మౌసు తిప్పి, అది మా వాకిలినంతా కప్పేసిన సంగతి దగ్గరగా చూపించాను. (నా తెలివి అట్లాంటిది.) ఏటా మేం కందులు ఆరబోసేది ఆ వాకిట్లోనే.

"కందులు ఏడ ఆరబొయ్యాల్నో అడుగు మీ పెద్దనాయనను."

"సూర్యుణ్ణి జెర అటు జరుపు బిడ్డా," అన్నాడాయన. జరిపాను.

"జరుగుమంటె జరగనీకె సూర్యుడేమన్న ఆయన జీతగాడా? అడుగు."

మళ్లీ మొదటి చోటే పెట్టాను.

"అయితె నీడ తీసెయ్," అన్నాడు పెద్దనాయన.

అది ఒక్క లైను పని. తీసేశాను. మా వాకిలి తళతళలాడింది. మెచ్చుకుంటారని ఇటు తిరిగేసరికి అమ్మ గది మధ్యకొచ్చి నిలబడి ఉంది.

"నీడ లేకుంట ఉండేటివి దయ్యాలే బావా. దయ్యాల కొంపల ఉంటరా మీరు?"

పెళ్లయి వచ్చినప్పటినుంచి ఆయనతో ఆమె ఆడిన మొదటి మాట అదే. భయంతో నేను తీసేసిన ఆ లైను కోసం వెతుక్కోసాగాను. పెద్దనాయన నావైపే చూసి (అలవాటు మరి), "నీడ పెట్టు బిడ్డా. గా రూమునే ఎనకకు గుంజు," అన్నాడు. కొంచెం కొంచెంగా గుంజాను. నీడ మా వాకిలిని వదిలి వాళ్ల డాబామీదికే పోయాక, "ఇగ చాలు," అంది అమ్మ, నాతోనే. మేస్త్రీ అట్లాగే కట్టాడు.

ఇప్పుడు హైదరాబాదులో, అమ్మకానికి పెట్టే ఇళ్ల బొమ్మలకు ఎండ పెట్టడమే నా ఉద్యోగం. "నీడలు తీసేయండి మేడమ్, డల్‌గా ఉంది," అంటారు అమ్మేవాళ్లు. తీసేస్తాను. అప్పుడప్పుడు అప్పటి నాలోని పిచ్చిపిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా కలుగుతుంది. దానికి జీతం లేదు, బుద్ధీ లేదు. కానీ, అమ్మకు భయపడైనా సరే, చివరికి సూర్యుణ్ణి ఉన్నచోటే ఉంచింది.